సేవ్ అయింది అన్నారు, నిజంగానే అయిందా? సర్వర్ డిస్కుల్లో రైట్ క్యాష్ చరిత్ర

ఈసారి ఒక ఫోన్ కాల్‌తో మొదలుపెడతాను.

నా మొదటి ఉద్యోగం ఒక చిన్న కంపెనీలో. మందుల షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నడిపేవాళ్లం. ఒకరోజు సాయంత్రం హన్మకొండ నుంచి ఒక షాపాయన ఫోన్ చేశాడు. పొద్దుట్నుంచి కొట్టిన బిల్లులు ఒక్కటి కూడా సిస్టంలో లేవు. నేను "సార్, సర్వర్‌కి కరెంటు పోయింది, అందుకని..." అంటూ ఏదో నసుగుతున్నాను. ఆయన ఒకటే అడిగాడు: "తమ్మీ, బిల్లు ప్రింటొచ్చింది కదా. ప్రింటొచ్చినంక ఎట్ల పోతది?"

కరెక్ట్ ప్రశ్న. బీటెక్‌లో డీబీఎంఎస్ పేపర్‌లో నేనే రాశాను, ట్రాన్సాక్షన్ ఒకసారి కమిట్ అయితే ఆ తర్వాత కరెంటు పోయినా డేటా పోదు అని. మార్కులు కూడా వేశారు. మరి ఎలా పోయింది? ఎలా పోయిందో కనుక్కోవడానికి నాకు వారం పట్టింది. అసలు అలా పోయేలాగ ఎందుకు కట్టారో అర్థం కావడానికి ఇంకా చాలా పట్టింది. ఈ ఎపిసోడ్ దాని గురించే. డిస్కు "రాసేశాను" అని చెప్పడానికీ, నిజంగా రాయడానికీ మధ్య ఒక సందు ఉంది. ఆ సందు పేరు రైట్ క్యాష్. ఈ క్యాష్ అంటే డబ్బు కాదు, తెలుగులో రాస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఏం చేయలేం. అయినా ఈ కథ తిరిగి తిరిగి ఆ డబ్బు దగ్గరికే వస్తుంది, చూస్తారుగా.

ముందు హార్డ్ డిస్కు. లోపల పళ్లేలు తిరుగుతుంటాయి, వాటి మీద ఒక చెయ్యి అటూ ఇటూ జరుగుతూ రాస్తుంది. మామూలు డిస్కు నిమిషానికి 7200 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకి 120 చుట్లు. ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. ఇప్పుడు మీరు ఒక రికార్డు రాశారు, దాని పక్కనే ఇంకోటి రాయాలి. మొదటిది రాశాక "అయింది" అని కంప్యూటర్‌కి కబురెళ్లి, అక్కణ్ణుంచి రెండోది వచ్చేలోపు ఆ చోటు దాటిపోతుంది. మళ్లీ చుట్టు తిరిగి రావాలి. కాబట్టి ఒకదాని తర్వాత ఒకటిగా, ప్రతిదానికీ "రాశావా?" అని అడిగి కన్ఫర్మ్ చేసుకుంటూ రాస్తే సెకనుకి 120 దాటి రాయలేం. ఈ 120 అనే నంబర్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఇది డిజైన్ లోపం కాదు, తిరుగుడు లెక్క. మొట్టమొదటి హార్డ్ డిస్కు ఐబీఎం వాళ్ల రామాక్, 1956. 24 అంగుళాల పళ్లేలు 50, అన్నీ కలిపి 50 లక్షల అక్షరాలు పట్టేవి. అది నిమిషానికి 1200 చుట్లు తిరిగేది. 2000లో సీగేట్ చీటా ఎక్స్15 వచ్చింది, నిమిషానికి 15,000 చుట్లు. లెక్కేయండి, 44 ఏళ్లలో పన్నెండున్నర రెట్లు. అదే 44 ఏళ్లలో ప్రాసెసర్లు ఎక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్లాయో మీకు చెప్పక్కర్లేదు. పైగా 15,000 దగ్గరే ఆ పరుగు ఆగిపోయింది. అంతకన్నా జోరుగా తిరిగేది మార్కెట్లోకి రాలేదు.

మరి బ్యాంకులు, రైల్వేలు, టెలిఫోన్ కంపెనీలు ఇన్ని దశాబ్దాలు ఎలా నెట్టుకొచ్చాయి? డిస్కు ముందు కొంచెం మెమరీ పెట్టి.

ఎమ్మార్వో ఆఫీసులో ఇన్‌వార్డ్ సెక్షన్ చూశారా? మీరు అర్జీ ఇస్తారు, క్లర్క్ దాని కాపీ మీద "అందింది" అని ముద్ర గుద్ది మీకిస్తాడు. మీరు సంతోషంగా ఇంటికెళ్తారు. అర్జీ అప్పటికి ఆయన టేబుల్ మీదే ఉంది, లోపల ఫైల్‌లోకి చేరలేదు. రాత్రికి ఆ గదిలో నీళ్లు కారాయనుకోండి, మీ చేతిలో ముద్ర ఉంటుంది, అర్జీ ఉండదు. రైట్ బ్యాక్ క్యాష్ అంటే ఇదే. మెమరీలో పడగానే ముద్ర గుద్దేయడం, తీరిగ్గా డిస్కులోకి ఎక్కించడం. లోపల ఫైల్ చేసి వచ్చాకే ముద్ర గుద్దితే దాన్ని రైట్ త్రూ అంటారు. అది భద్రం, కానీ క్యూ బయట రోడ్డు దాకా వస్తుంది.

ఐబీఎం మొదట భద్రమైన దారిలోనే వెళ్లింది. 1981లో 3880 మోడల్ 13 అనే కంట్రోలర్ తెచ్చారు. కంట్రోలర్ అంటే మెయిన్‌ఫ్రేమ్‌కీ డిస్కులకీ మధ్య ఉండే పెట్టె. అందులో క్యాష్ మెమరీ పెట్టారు, కానీ చదవడానికే. ఎవరైనా రాస్తే మాత్రం డిస్కుకి చేరాకే "అయింది" అనేది. ఎందుకంటే మెమరీ అన్నది కరెంటు మీద బతికే వస్తువు, కరెంటు పోతే అందులోది గోవిందా. ఐబీఎం కస్టమర్లు బ్యాంకులు. బ్యాంకుకి "మీ డిపాజిట్ మెమరీలో ఉండగా కరెంటు పోయింది" అని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?

ఆరేళ్ల తర్వాత, 1987లో, 3990 మోడల్ 3తో ఆ గీత దాటారు. దాటిన పద్ధతి చూడండి, నాకు ఈ మొత్తం చరిత్రలో బాగా నచ్చిన ముక్క ఇదే. క్యాష్ మెమరీకి తోడు, దాంతో సంబంధం లేకుండా విడిగా 4 ఎంబీ మెమరీ పెట్టారు. దానికి బ్యాటరీ. రాయాల్సింది వచ్చినప్పుడు ఒక కాపీ క్యాష్‌లో, ఇంకో కాపీ ఈ బ్యాటరీ మెమరీలో. రెండుచోట్లా పడ్డాకే మెయిన్‌ఫ్రేమ్‌కి "అయింది" అని చెప్పేది. కరెంటు పోతే బ్యాటరీ కాపీ ఉంది. బ్యాటరీ మెమరీ చెడితే క్యాష్ కాపీ ఉంది. దీనికి ఫాస్ట్ రైట్ అని పేరు పెట్టారు. డిస్కుకి చేరకముందే "అయింది" అంటున్నారు, నిజమే. కానీ ఆ మాట నిలబెట్టుకోవడానికి కావాల్సింది ముందే కొని పెట్టుకుని మరీ అంటున్నారు.

ఒక్క 4 ఎంబీ. మీరు వాట్సాప్‌లో పంపే ఒక ఫొటో అంత.

ఆ తర్వాత అందరూ ఈ బాట పట్టారు. 1990లో ఈఎంసీ కంపెనీలో మోషే యనాయ్ టీమ్ సిమెట్రిక్స్ తెచ్చింది. ఐబీఎం పెద్ద పెద్ద డిస్కులు వాడుతుంటే వీళ్లు 5.25 అంగుళాల చిన్న డిస్కులు బోలెడు పేర్చి, ముందు భారీ క్యాష్ పెట్టి, బ్యాటరీని మెమరీకి మాత్రమే కాకుండా పెట్టె మొత్తానికి ఇచ్చారు. కరెంటు పోతే బ్యాటరీ మీద డిస్కులు కూడా తిరుగుతూనే ఉంటాయి, క్యాష్‌లో ఉన్నదంతా డిస్కుల్లోకి దించేసి అప్పుడు పడుకుంటుంది. కొన్నేళ్లలోనే మెయిన్‌ఫ్రేమ్ స్టోరేజీలో ఐబీఎంకే చెమటలు పట్టించారు. అటు 1988లో బర్క్‌లీ నుంచి ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రాసిన రెయిడ్ పేపర్ వచ్చింది. చవక డిస్కులు కలిపి ఒక పెద్ద డిస్కులాగ వాడండి అని. అందులో రెయిడ్ 5 పద్ధతికి ఒక జబ్బు ఉంది, చిన్న ముక్క ఒకటి రాయాలంటే రెండుసార్లు చదివి రెండుసార్లు రాయాలి. ఆ జబ్బుకి మందు కూడా మళ్లీ బ్యాటరీ ఉన్న రైట్ క్యాషే. సర్వర్లలో రెయిడ్ కార్డు, కార్డు మీద మెమరీ, దానికి అతికించిన చిన్న బ్యాటరీ, ఇలా సెట్ అయిపోయింది.

నెట్‌వర్క్‌లో ఫైళ్లు పెట్టుకునే ఎన్ఎఫ్ఎస్ కథ కూడా ఇంతే. సన్ కంపెనీ వాళ్ల రూల్ ప్రకారం సర్వర్ డిస్కులో పదిలంగా రాశాకే జవాబివ్వాలి. అది నత్తనడక. లెగాటో అనే కంపెనీ ప్రెస్టోసర్వ్ అని బ్యాటరీ మెమరీ కార్డు అమ్మింది. నెట్‌యాప్ 1992లో పుట్టిందే ఆ ఐడియాని ఇంకాస్త ముందుకి తీసుకెళ్లి. కార్డు కొనలేనివాళ్లు ఏం చేశారు? సర్వర్ సెటింగ్‌లో "ఎసింక్" అని పెట్టుకున్నారు. అంటే మెమరీలో పడగానే అయిపోయిందని చెప్పెయ్, బ్యాటరీ గీటరీ ఏం లేదు, దేవుడే దిక్కు. లైనక్స్‌లో ఎన్ఎఫ్ఎస్ సర్వర్‌కి చాలా ఏళ్లు ఈ "ఎసింక్" డిఫాల్టుగా ఉండేది. తర్వాత మార్చారు.

ఇక్కడి నుంచి కథ మన ఇళ్లలోకి వస్తుంది. వచ్చేటప్పుడు బ్యాటరీని దారిలో వదిలేసి వచ్చింది.

1990ల్లో పీసీ డిస్కుల కంపెనీలు డిస్కు లోపలే చిన్న మెమరీ పెట్టడం మొదలుపెట్టాయి. అర ఎంబీ, 2 ఎంబీ, ఆ తర్వాత 8 ఎంబీ. సర్వర్లకి అమ్మే ఎస్‌సీఎస్ఐ డిస్కుల్లో రైట్ క్యాష్ మామూలుగా ఆఫ్‌లో ఉండేది. ఎందుకంటే వాటికి ఒకేసారి చాలా పనులు అప్పజెప్పొచ్చు, ఏది ముందు రాస్తే దారి కలిసొస్తుందో డిస్కే చూసుకుంటుంది. ఐడీఈ డిస్కులకి అప్పట్లో ఆ సౌకర్యం లేదు. ఒకటి చెప్పి, అయిందనిపించుకుని, అప్పుడు ఇంకోటి చెప్పాలి. మరి బెంచ్‌మార్క్‌లో మంచి నంబర్ రావాలంటే? క్యాష్ ఆన్ చేసి అమ్మడమే. బ్యాటరీ పెడితే ధర పెరుగుతుంది. అందుకని అది లేకుండానే ముద్ర గుద్దేశారు.

దీని దెబ్బ మామూలు జనానికి విండోస్ 98లో తగిలింది. ప్రాసెసర్లు ఫాస్ట్ అయ్యేసరికి షట్‌డౌన్ కూడా ఫాస్ట్ అయింది. ఎంత ఫాస్ట్ అంటే డిస్కు తన క్యాష్‌లో ఉన్నది పళ్లెం మీదికి ఎక్కించే లోపే కంప్యూటర్ కరెంటు తీసేస్తోంది. పద్ధతిగా షట్‌డౌన్ చేసినా ఫైళ్లు పాడవుతున్నాయి. మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన ఫిక్స్ ఏంటో తెలుసా? షట్‌డౌన్‌లో రెండు సెకన్లు ఆగడం. అంతే. నేను మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, డిస్కు మాట నమ్మే వీల్లేనప్పుడు కాసేపు ఆగి చూడటం తప్ప చేయగలిగింది ఏముంది?

ఫ్రీబీఎస్‌డీ వాళ్లు కొంచెం నిజాయితీగా ప్రయత్నించారు. 2001లో వెర్షన్ 4.3 విడుదల చేస్తూ ఐడీఈ డిస్కుల రైట్ క్యాష్‌ని డిఫాల్టుగా ఆఫ్ చేశారు. ఈ డిస్కులు రాయకుండానే రాశామంటున్నాయి, డేటా దెబ్బతింటోంది, కాబట్టి ఆపేస్తున్నాం అని. టెక్నికల్‌గా నూటికి నూరు పాళ్లూ కరెక్ట్. కానీ రాసే స్పీడు ఘోరంగా పడిపోయింది. జనం గగ్గోలు పెట్టారు. తర్వాతి విడుదలలో మళ్లీ ఆన్ చేశారు. ఆ గగ్గోలు పెట్టినవాళ్లని నేను తిట్టలేను. నేనూ అదే చేశాను కదా, చెప్తా.

ముందు డేటాబేస్ వైపు నుంచి ఒక ముక్క చెప్పాలి, లేకపోతే తర్వాత కథ అర్థం కాదు. మన పాత కిరాణా కొట్లలో రెండు పుస్తకాలుండేవి. చిట్టా, ఆవర్జా. ఏ రోజు ఏం జరిగిందో జరిగిన వరసలో రాసేది చిట్టా. ఎవరి ఖాతాలో ఎంత అని పేరుపేరునా ఎక్కించేది ఆవర్జా. ముందు చిట్టాలో పడాలి, ఆ తర్వాతే ఆవర్జా. ఆవర్జా సగం రాసి ఆగిపోయినా పర్వాలేదు, చిట్టా చూసి మళ్లీ కట్టుకోవచ్చు. డేటాబేస్‌లు సరిగ్గా ఇదే చేస్తాయి. రైట్ ఎహెడ్ లాగ్ అంటారు. దీన్ని పకడ్బందీగా ఎలా చేయాలో ఐబీఎంలో సి. మోహన్ అనే ఆయన, మన ఐఐటీ మద్రాస్‌లో చదివినాయన, తన టీమ్‌తో కలిసి 1992లో ఏరీస్ అనే పేపర్‌గా రాశారు. ఇప్పటికీ డేటాబేస్ చదివేవాళ్లకి అది తప్పనిసరి.

అంతా ఆ వరస మీదే నిలబడి ఉంది. ముందు చిట్టా, తర్వాత ఆవర్జా. అయితే క్యాష్ ఉన్న డిస్కు తనకి ఏది దగ్గరైతే అది ముందు రాస్తుంది. వరస దానికి పట్టదు. ఆవర్జా పేజీలు కొన్ని ముందే ఎక్కేసి, చిట్టా ఇంకా క్యాష్‌లో ఉండగా కరెంటు పోయిందా, అప్పుడు పోయేది చివరి రెండు సెకన్ల డేటా మాత్రమే కాదు. ఆవర్జాలో ఉన్నదానికి చిట్టాలో ఆధారం ఉండదు. మొత్తం పుస్తకాన్నే నమ్మలేం. "పోతే పోనీ, కొన్ని బిల్లులే కదా" అనుకునేవాళ్లు పొరబడేది ఇక్కడే.

ఇక 2005 జనవరి 14, శుక్రవారం. సియాటిల్.

లైవ్‌జర్నల్ అని ఒక సైట్ ఉండేది. ఫేస్‌బుక్‌కి ముందు కాలం, జనం అక్కడ డైరీలు రాసుకునేవాళ్లు. 50 లక్షలకు పైగా అకౌంట్లు. బ్రాడ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే కుర్రాడు 1999లో మొదలుపెట్టాడు. మీలో బ్యాకెండ్ నేర్చుకుంటున్నవాళ్లకి మెమ్‌క్యాష్‌డ్ తెలిసే ఉంటుంది, అది ఈయన ఈ సైట్ కోసం రాసుకున్నదే. అప్పటికి ఆయనకి పాతికేళ్లు కూడా నిండలేదు. సైట్‌ని సిక్స్ అపార్ట్ అనే కంపెనీ కొన్నట్టు ప్రకటించి పది రోజులైనా కాలేదు.

ఆ సాయంత్రం వాళ్ల సర్వర్లున్న డేటా సెంటర్ మొత్తం చీకటైపోయింది. యూపీఎస్ ఉంది, జనరేటర్ ఉంది. ఏదీ పనికిరాలేదు. ఎందుకంటే అదే డేటా సెంటర్‌లో ఇంకో కస్టమర్ తాలూకు మనిషి ఎమర్జెన్సీ పవర్ ఆఫ్ బటన్ నొక్కేశాడు. నిప్పంటుకుంటే ఫైర్ సిబ్బందికి షాక్ కొట్టకుండా యూపీఎస్‌తో సహా అన్నీ కట్ చేయడానికి పెట్టే ఎర్ర బటన్ అది. కాబట్టి అది దాని పని పద్ధతిగానే చేసింది.

లైవ్‌జర్నల్ సర్వర్లు వందకు పైగా ఒక్కసారిగా పడిపోయాయి. కరెంటు తొందరగానే తిరిగొచ్చింది. సైట్ తిరిగి నిలబడటానికి మాత్రం దాదాపు ఒక రోజు పట్టింది. కొన్ని డేటాబేస్‌లు దెబ్బతిని లేచాయి. అవి చిట్టా పద్ధతి వాడే డేటాబేస్‌లే, సిద్ధాంతం ప్రకారం కరెంటు పోతే తట్టుకోవాలి. ఎఫ్‌సింక్ అని ఒక కమాండ్ ఉంటుంది, "ఇది పళ్లెం మీదికి ఎక్కేదాకా నాకు జవాబివ్వకు" అని. సాఫ్ట్‌వేర్ ఆ మాట అడిగింది. కింద ఉన్న హార్డ్‌వేర్ సరే అంది. కానీ రాయలేదు.

ఫిట్జ్‌ప్యాట్రిక్ తర్వాత చేసిన పనికే నేను ఈ కథ చెప్తున్నాను. ఎవరినో తిట్టి ఊరుకోకుండా ఆ ఏడాదే డిస్క్‌చెకర్ అని చిన్న పెర్ల్ ప్రోగ్రామ్ రాసి అందరికీ ఇచ్చేశాడు. ఐడియా చాలా సింపుల్. రెండు కంప్యూటర్లు తీసుకోండి. మొదటిది డిస్కులో రాస్తూ, డిస్కు "అయింది" అన్న ప్రతిసారీ నెట్‌వర్క్‌లో రెండోదానికి "ఫలానాది రాశానట" అని చెప్తుంది. మధ్యలో మీరు వెళ్లి మొదటిదాని పవర్ కేబుల్ పీకేయాలి. షట్‌డౌన్ కాదు, పీకడం. మళ్లీ ఆన్ చేశాక, రెండో కంప్యూటర్ దగ్గర ఉన్న లిస్టుతో డిస్కులో ఉన్నదాన్ని పోల్చి చూస్తుంది. అయిందన్న వాటిలో ఎన్ని లేవో లెక్క బయటపడుతుంది. సాక్షి వేరే గదిలో, వేరే కరెంటు మీద ఉన్నాడన్నమాట. పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్‌లో ఈ ప్రోగ్రామ్ వాడి చూసుకోమని రాసి ఉంటుంది.

అక్కడే ఇంకో హెచ్చరిక కూడా ఉంటుంది. రెయిడ్ కార్డు మీద బ్యాటరీ ఉంది కదా అని గుండె మీద చెయ్యేసుకుని పడుకోకండి, ఆ కార్డు వెనక ఉన్న డిస్కులకి సొంత క్యాష్ ఉంటుంది, దానికి బ్యాటరీ లేదు అని. కార్డు నిజాయితీగా డిస్కుకి అప్పగించి, డిస్కు "ఆ, రాశా" అనగానే తన కాపీ తుడిచేస్తుంది. ఇన్‌వార్డ్ క్లర్క్ మంచోడే, లోపలి క్లర్క్ కూడా ఇంకో ముద్ర పెట్టుకుని కూర్చున్నాడు.

హార్డ్‌వేరే లేకుండా ఒట్టి చేతులతో చెక్ చేయడానికి ఇంకో దారి ఉంది. 120 గుర్తుందా? 7200 చుట్ల డిస్కు ఒక్కటే పెట్టి, ఒకదాని తర్వాత ఒకటిగా కమిట్‌లు కొట్టండి. సెకనుకి 100 చిల్లర వస్తే డిస్కు నిజం చెప్తోంది. 2000 వచ్చిందనుకోండి, సంబరపడకండి. పళ్లెం అంత జోరుగా తిరగదు, మధ్యలో ఎవరో ముద్ర గుద్దుతున్నారు. అది బ్యాటరీ ఉన్న కార్డైతే సరే. కాకపోతే ఎంత స్పీడో అంత అబద్ధం.

ఆపరేటింగ్ సిస్టమ్‌లు కూడా ఇందులో పాలు పంచుకున్నాయి. మాక్‌లో మామూలు ఎఫ్‌సింక్ డేటాని డిస్కు దాకా పంపుతుంది, డిస్కు తన క్యాష్‌ని ఖాళీ చేసిందా లేదా అడగదు. నిజంగా కావాలంటే ఫుల్ ఎఫ్‌సింక్ అని వేరే కమాండ్. ఇది రహస్యం కాదు, వాళ్ల మాన్యువల్‌లోనే రాసి ఉంది, చదివేది ఎవరు? లైనక్స్‌లో ఈఎక్స్‌టీ3 ఫైల్ సిస్టమ్‌కి బ్యారియర్ అనే రక్షణ ఉండేది, వరస తప్పకుండా చూసేది. కానీ డిఫాల్టుగా ఆఫ్. 2008లో దీని మీద పెద్ద వాదన నడిచింది. కర్నెల్ పెద్దల్లో ఒకరైన ఆండ్రూ మోర్టన్, ఇది ఆన్ చేస్తే చాలా పనులు 30 శాతం నెమ్మదిస్తున్నాయని వెనకాడాడు. క్రిస్ మేసన్ అనే ఇంకో డెవలపర్ ఒక టెస్ట్ రాసి, ఆఫ్‌లో ఉంటే ఫైల్ సిస్టమ్ ఎంత సులువుగా పాడవుతుందో చూపించాడు. చివరికి ఈఎక్స్‌టీ4లో ఆన్ చేసి ఇచ్చారు. అవును, మీ ఆండ్రాయిడ్ ఫోన్లలో వచ్చిన ఈఎక్స్‌టీ4 అదే. 2010 చివర్లో నెక్సస్ ఎస్ ఫోన్‌తో అది ఫోన్లలోకి వచ్చింది.

30 శాతం. ఫ్రీబీఎస్‌డీ గొడవా అదే, విండోస్ రెండు సెకన్లూ అదే. ప్రతిసారీ బేరం ఒకటే.

ఇప్పుడు నా సంగతి. మా కంపెనీలో ఒకే ఒక పాత సర్వర్. రెయిడ్ కార్డు, 512 ఎంబీ క్యాష్, పక్కన చిన్న బ్యాటరీ. ఈ బ్యాటరీలకి ఒక అలవాటుంది, లెర్న్ సైకిల్ అంటారు. కొన్ని కార్డుల్లో నెలకోసారి, కొన్నింట్లో మూడు నెలలకోసారి, తనలో ఇంకా సత్తా ఉందో లేదో చూసుకోవడానికి పూర్తిగా ఖాళీ అయి మళ్లీ చార్జ్ అవుతాయి. ఆ కాసేపు కార్డు బుద్ధిగా రైట్ త్రూకి మారిపోతుంది. సర్వర్ నత్తలా నడుస్తుంది. ఎందుకో తెలియక రాత్రుళ్లు తలలు పట్టుకున్న అడ్మిన్లు ఎంతమందో. మా బ్యాటరీ ఒక రోజు ఆ పరీక్షలో ఫెయిలైంది. కార్డు శాశ్వతంగా రైట్ త్రూలో కూర్చుంది. బిల్లు కొడితే ప్రింటు రావడానికి ఆలస్యం. షాపుల నుంచి ఫోన్ల మీద ఫోన్లు.

కొత్త బ్యాటరీ కోసం మెయిల్ పెట్టాను, అప్రూవల్ రాలేదు. నెట్‌లో వెతికితే ఒక సెటింగ్ దొరికింది, "బ్యాటరీ బాగోలేకపోయినా ఎప్పుడూ రైట్ బ్యాక్". కింద ఎర్ర అక్షరాలతో వార్నింగ్ వచ్చింది. ఓకే నొక్కాను. సర్వర్ మళ్లీ గుర్రమైంది. మేనేజర్ టీమ్ గ్రూప్‌లో నాకు థమ్సప్ పెట్టాడు. ఆ థమ్సప్ స్క్రీన్‌షాట్ ఇంకా ఉంది నా దగ్గర.

పదకొండు రోజుల తర్వాత యూపీఎస్ మారుస్తూ ఎలక్ట్రీషియన్ ఏదో వైరు కదిపాడు. ఐదారు సెకన్లు కరెంటు పోయిందంతే. పోస్ట్‌గ్రెస్ లేవలేదు. ముందురోజు రాత్రి బ్యాకప్ నుంచి ఎక్కించాం. ఆ రోజు పొద్దుట్నుంచి సాయంత్రం నాలుగింటి దాకా అన్ని షాపుల్లో కొట్టిన బిల్లులూ పోయాయి. హన్మకొండ షాపాయన ప్రశ్నకి నిజమైన జవాబు ఇది: సార్, ప్రింటు వచ్చేటప్పటికి మీ బిల్లు ఇంకా రాయలేదు, రాసినట్టు నేను చెప్పించాను.

ఇప్పుడు కొత్త కార్డుల్లో ఆ బ్యాటరీ లేదు. దాని బదులు సూపర్ కెపాసిటర్, పక్కన కొంచెం ఫ్లాష్. కరెంటు పోతే కెపాసిటర్‌లో మిగిలిన కాస్త శక్తితో క్యాష్‌ని ఫ్లాష్‌లోకి దించేస్తుంది. 72 గంటల్లోపు కరెంటు రావాలి లాంటి టెన్షన్ లేదు. సర్వర్ ఎస్ఎస్‌డీల లోపల కూడా అలాంటి కెపాసిటర్లే వరసగా ఉంటాయి. షాపులో దొరికే చవక ఎస్ఎస్‌డీలో మామూలుగా ఉండవు. ఎస్ఎస్‌డీలో తిరిగే పళ్లెం లేదు కదా, అబద్ధం అవసరమేముంది అనుకుంటారు. 2013లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ, హెచ్‌పీ ల్యాబ్స్ పరిశోధకులు 15 ఎస్ఎస్‌డీలకి పదేపదే కరెంటు పీకి చూశారు. 13 ఏదో ఒక రకంగా తప్పాయి.

మీ ఫోన్‌లో స్టోరేజ్ చిప్‌కి కూడా క్యాష్ ఉంటుంది, 2011లో వచ్చిన ఈఎంఎంసీ 4.5 ప్రమాణంలోనే అది ఉంది. కాకపోతే ఫోన్‌లో పెద్ద బ్యాటరీ ఊడిరాకుండా బిగించి ఉంటుంది, ఒక శాతం దగ్గర పద్ధతిగా షట్‌డౌన్ అవుతుంది. ఐబీఎం వాళ్లు 1987లో అంత ఖర్చు పెట్టి కొన్న భద్రత మీకు జేబులో ఊరికే వచ్చింది.

మా సర్వర్‌కి ఆ నెల్లోనే బ్యాటరీ వచ్చింది. అన్నాళ్లూ రాని అప్రూవల్ ఒక్క పూటలో వచ్చేసింది. డిస్కుల సొంత క్యాష్ కూడా ఆఫ్ చేసి, డిస్క్‌చెకర్ పెట్టి, నా చేత్తోనే కేబుల్ పీకాను. ఐదుసార్లు. ఒక్కటి కూడా పోలేదు. షాపులవాళ్లందరికీ ఫోన్ చేసి చెప్పే పని నాకే పడింది. హన్మకొండాయన అప్పటికే కార్బన్ కాపీలు ముందేసుకుని పోయిన బిల్లులన్నీ మళ్లీ కొట్టుకున్నాడు.

"అయితే ఇప్పుడు ప్రింటొస్తే పడ్డట్టేనా?"

"పడ్డట్టే సార్. బ్యాటరీ మార్చాం."

"ఇది మల్ల ఎప్పుడు పోతది?"

"రెండు మూడేళ్లు వస్తది సార్."

"తారీఖు రాసి పెట్టుకో తమ్మీ," అని పెట్టేశాడు.

సరే, వచ్చే ఎపిసోడ్‌లో టేప్ డ్రైవ్‌ల గురించి. ఉంటాను.